హ్యామ్ హాక్స్ ఇంట్లో ఎలా వండుకోవాలి: కొనడం దగ్గర్నుంచి ఫ్రీజర్లో డబ్బా పెట్టేదాకా

హ్యామ్ హాక్, అంటే పంది కాలి కీలు ముక్క, ఒకసారి కొని మళ్లీ దాని జోలికి పోనివాళ్లు చాలామందే ఉన్నారు, ఎందుకండీ అని అడిగితే అందరూ చెప్పేది ఒకటే, అంత బరువున్న ముక్క తెస్తే అందులో మాంసమే లేదు అని. నిజమే, ఉండదు. తోలు, ఎముక, కొవ్వు, నరాలు, కీలు, వీటన్నిటి మధ్యలో ఇరుక్కుని కాస్త మాంసం, అంతే. కానీ హాక్ కొనేది మాంసం కోసం కాదండి, అది మూడు గంటలు ఉడికాక గిన్నెలో మిగిలే ఆ నీళ్ల కోసం. ఆ నీళ్లు బీన్స్‌లో పోసినా, బఠాణీ పప్పులో పోసినా, ఆకుకూరలో పోసినా ఆ వంటకే ఒక బరువు వస్తుంది. మాంసం కొసరు కింద లెక్కేసుకోండి. ఇది బుర్రలో పెట్టుకుంటే ఏది కొనాలి, మంట ఎంత పెట్టాలి, ఉప్పు ఎప్పుడు వేయాలి అన్న ప్రశ్నలకి సగం జవాబులు మీకే దొరికిపోతాయి.

అసలు హాక్ అంటే ఏ ముక్క

పంది కాలిలో గిట్టకి పైన, తొడ కండకి కింద ఉండే కీలు భాగాన్ని హాక్ అంటారు. కొన్నిచోట్ల దీన్నే పోర్క్ నకిల్ అంటారు, బ్రిటన్‌లో అయితే ప్యాకెట్ మీద గ్యామన్ హాక్ అని ఉండొచ్చు, అక్కడ గ్యామన్ అంటే ఉప్పు పట్టించింది కానీ ఇంకా వండనిది అని అర్థం. దీనికి కాస్త పైన ఉండే ముక్కని షాంక్ అంటారు, అందులో కండ ఎక్కువ, కీలు తక్కువ. కొంతమంది షాపువాళ్లు రెండిటికీ ఒకటే పేరు పెట్టేస్తారు కాబట్టి పేరు కన్నా ముక్కని చూసి కొనండి. సూప్ కోసం అయితే హాక్, మాంసం కూడా గట్టిగా కావాలంటే షాంక్. వెనక కాలి హాక్ ముందు కాలి దానికన్నా కాస్త కండగా ఉంటుంది, అడిగితే చాలాచోట్ల చెప్తారు.

ఇంకో ముఖ్యమైన తేడా, ఇది తెలియకే ఎక్కువమంది వంట పాడుచేసుకుంటారు. హాక్స్ మూడు రకాలుగా దొరుకుతాయి. ఒకటి పచ్చిది, అంటే ఉప్పు గానీ పొగ గానీ తగలని మామూలు పంది మాంసం. రెండోది ఉప్పు నీళ్లలో నానబెట్టి క్యూర్ చేసింది, పొగ పెట్టనిది. మూడోది క్యూర్ చేసి ఆ తర్వాత పొగ కూడా పెట్టింది, మామూలుగా హ్యామ్ హాక్ అంటే ఎక్కువమంది అనుకునేది ఇదే. పచ్చిదాన్ని కాల్చుకోవచ్చు, తోలు కరకరలాడుతుంది, ఉప్పు మీ చేతిలో ఉంటుంది. పొగ పెట్టినదానికి సూప్‌కి మించి ఇంకో మంచి వాడకం లేదు, నా మాట నమ్మండి. పొగ లేని క్యూర్డ్ హాక్ మధ్యలో ఉంటుంది, హ్యామ్ రుచి వస్తుంది కానీ పొగ వాసన వంటంతా ఆక్రమించదు, పిల్లలకి పొగ వాసన నచ్చని ఇళ్లలో ఇది బాగా పనికొస్తుంది.

షాపులో ఏం చూడాలి

తోలు మీద చేయి వేసి చూడగలిగితే చూడండి, పచ్చి హాక్ తోలు బిగువుగా, కాస్త తేమగా ఉండాలి కానీ జిగటగా ఉండకూడదు. మాంసం కోసిన వైపు లేత గులాబీ రంగులో ఉండాలి, అంచులు బూడిద రంగుకి తిరిగితే వదిలేయండి. వాసన దాదాపు ఏమీ రాకూడదు, పుల్లటి వాసన కొంచెం తగిలినా వద్దు. పొగ పెట్టినది అయితే తోలు ముదురు తేనె రంగు నుంచి గోధుమ రంగు దాకా ఉంటుంది, పైన కాస్త ఎండినట్టు ఉండటం మంచిదే. వ్యాక్యూమ్ ప్యాకెట్ అయితే లోపల గాలి చేరి ఉబ్బి ఉందా, అడుగున నీళ్లు బాగా చేరాయా అన్నది చూసుకోండి.

లేబుల్ తప్పకుండా చదవండి. పొగ వాసన నిజంగా కట్టెల పొగ పెడితే వచ్చిందా, లేక పొగ ఫ్లేవర్ కలిపారా అన్నది పదార్థాల లిస్టులో తెలిసిపోతుంది. ఫ్లేవర్ కలిపినదాన్ని మూడు గంటలు ఉడికిస్తే నీళ్లకి ఒక మందు వాసన లాంటిది వస్తుంది, నాకైతే అస్సలు పడదు, అసలు పొగది దొరక్కపోతే పొగ లేని క్యూర్డ్ హాక్ తెచ్చుకోవడమే మేలు. ఇంకోటి, పొగ పెట్టినంత మాత్రాన అది వండేసిన మాంసం అనుకోకండి. కొన్ని పూర్తిగా వండినవి ఉంటాయి, కొన్ని తక్కువ వేడి పొగలో పెట్టిన పచ్చివి ఉంటాయి, పైకి చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి, తినేముందు వండాలి అని రాసి ఉంటే అది పచ్చిదే. ఎలాగూ గంటలకొద్దీ ఉడికిస్తాం కాబట్టి భయం లేదు కానీ ఇంటికొచ్చాక ఒక ముక్క కోసి రుచి చూద్దాం అనే పని మాత్రం చేయకండి.

ఎన్ని కొనాలి అంటే, నలుగురైదుగురికి సరిపడా ఒక పెద్ద గిన్నె సూప్‌కి రెండు మీడియం సైజువి, అంటే మొత్తం కేజీ నుంచి కేజీంపావు దాకా చాలు. ఎముక, తోలు, కొవ్వు పోగా చేతికొచ్చే మాంసం మొత్తం బరువులో సగం కూడా ఉండదు, దాన్ని చూసి కంగారు పడొద్దు. మాంసం అమ్మే అతను ముందు ఉంటే హాక్‌ని అడ్డంగా రెండు మూడు ముక్కలుగా రంపంతో కోయించుకోండి, ఇంట్లో కత్తితో ఈ పని అవ్వదు. అలా కోస్తే ఎముక లోపలి మూలుగ కూడా నీళ్లలోకి దిగుతుంది, గిన్నెలో కూడా బాగా సర్దుకుంటుంది. కాల్చుకోవడానికి అయితే మాత్రం కోయించకండి, నిండు ముక్కే కావాలి.

తోలు శుభ్రం, తర్వాత ఉప్పు తీయడం

తోలు మీద అక్కడక్కడా వెంట్రుకలు మిగిలి ఉంటాయి, ముఖ్యంగా మడతల్లో. పచ్చి హాక్ అయితే గ్యాస్ మంట మీద పట్టకారతో పట్టుకుని చుట్టూ చూపించి, కత్తి వెనక వైపుతో గీకేసి కడిగితే సరిపోతుంది. మాంసాన్ని కుళాయి కింద ధారగా పెట్టి కడిగితే ఆ చిందిన నీళ్లు సింక్ చుట్టుపక్కల అంతా పడతాయి, దాంతోపాటు క్రిములూ పడతాయి, అందుకే గిన్నెలో నీళ్లు పోసి మెల్లిగా రుద్ది, తర్వాత సింకూ చేతులూ సబ్బుతో కడుక్కోండి.

ఇప్పుడు అసలు విషయం, ఉప్పు. నేను మొట్టమొదట వండినప్పుడు ప్యాకెట్ విప్పి నేరుగా గిన్నెలో పడేశాను, మామూలు సూప్‌కి వేసినట్టే ఉప్పు కూడా వేశాను, మూడు గంటల తర్వాత నోట్లో పెట్టుకోలేకపోయాం, నీళ్లు కలిపి పలచన చేద్దామన్నా అప్పటికే బీన్స్ కూడా ఆ ఉప్పంతా పీల్చేసుకున్నాయి. రెండు హాక్స్, అరకేజీ బీన్స్, ఒక ఆదివారం సాయంత్రం, అన్నీ పోయాయి. అందుకే ఇంత నొక్కి చెప్తున్నాను, క్యూర్ చేసిన హాక్ వండేటప్పుడు చివరిదాకా ఉప్పు డబ్బా ముట్టుకోకండి.

ఉప్పు తగ్గించడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ముక్కలు మునిగేలా చల్లని నీళ్లు పోసి ఫ్రిజ్‌లో 8 నుంచి 12 గంటలు పెట్టడం, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చడం. బయట గట్టు మీద పెట్టకండి, ఫ్రిజ్‌లోనే. రెండోది, గిన్నెలో చల్లని నీళ్లు పోసి హాక్స్ వేసి మరుగు రానిచ్చి, ఐదు నిమిషాలు ఉంచి, ఆ నీళ్లు పారబోసి ముక్కల్ని ఒకసారి కడగడం. పొగ పెట్టినవాటికి నేను రెండో పద్ధతే చేస్తాను, ఎందుకంటే రాత్రంతా నానబెడితే ఉప్పుతో పాటు పొగ రుచి కూడా కొంత నీళ్లలో పోతుంది, మనం కొన్నదే ఆ రుచి కోసం కదా. పొగ లేని క్యూర్డ్ హాక్స్‌కి మాత్రం నానబెట్టడమే మంచిది, వాటిలో కొన్ని మరీ ఉప్పగా ఉంటాయి.

మీరు తెచ్చింది ఎంత ఉప్పగా ఉందో తెలుసుకోవాలంటే ఇలా చేయండి, నీళ్లు మరిగి పావుగంట అయ్యాక ఒక చెంచా తీసి చల్లార్చి నాలుక మీద వేసుకోండి, సముద్రం నీళ్లలా ఉంటే పారబోసి మళ్లీ మంచి నీళ్లు పోయండి, కాస్త ఉప్పగా ఉన్నా తాగేలా ఉంటే అలాగే కొనసాగించండి. పచ్చి హాక్‌కి ఈ తంతు ఏదీ అక్కర్లేదు, దానికి మాత్రం మొదట్లోనే ఒక చెంచా ఉప్పు వేసుకోవచ్చు.

ఉడికించడం

పెద్ద గిన్నె తీసుకోండి, అడుగు మందంగా ఉన్నది. రెండు హాక్స్‌కి మూడు లీటర్ల దాకా చల్లని నీళ్లు, ముక్కల పైన రెండు మూడు అంగుళాలు నీళ్లు ఉండాలి. మొదట్లో మీడియం మంట మీద పెట్టి మరుగు రానివ్వండి, ఈలోపు పైకి బూడిద రంగు తెట్టు తేలుతుంది, దాన్ని చిల్లుల గరిటెతో తీస్తూ ఉండండి, పది నిమిషాల్లో ఆగిపోతుంది. తెట్టు తీసేశాకే మిగతావి వేయాలి, లేకపోతే మిరియాలు కూడా తెట్టుతో పాటు బయటికి వచ్చేస్తాయి. ఒక ఉల్లిపాయ రెండు ముక్కలుగా కోసి, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, రెండు బే ఆకులు, ఓ పది పన్నెండు మిరియపు గింజలు, ఉంటే రెండు సెలెరీ కాడలు. క్యారెట్ వేయాలనుకుంటే ఆఖరి ముప్పావు గంటలో వేయండి, మొదట్నుంచి వేస్తే ముద్దయిపోయి నీళ్లన్నీ తియ్యగా చేస్తుంది.

ఇక్కడ్నుంచి మంట విషయం. మరుగు రాగానే సిమ్‌లో పెట్టేయండి, గిన్నె మధ్యలో అప్పుడొకటి అప్పుడొకటి బుడగ పైకి రావాలి, అంతకన్నా ఎక్కువ కదలిక వద్దు. థర్మామీటర్ ఉన్నవాళ్లకి చెప్పాలంటే 85 నుంచి 95 డిగ్రీల మధ్య. త్వరగా అయిపోతుందని పెద్ద మంట పెట్టి కుతకుతా మరిగిస్తే రెండు నష్టాలు, కండ పీచు బిగుసుకుని పొడిపొడిగా తయారవుతుంది, కరిగిన కొవ్వు నీళ్లలో చిలికినట్టు కలిసిపోయి స్టాక్, అంటే ఆ ఉడికిన నీళ్లు, తెల్లగా మబ్బుగా జిడ్డుగా అవుతుంది. ఒకసారి అలా కలిసిపోయిన కొవ్వుని తర్వాత విడదీయడం చాలా కష్టం. మూత పూర్తిగా పెట్టకండి, కాస్త సందు వదలండి, లేకపోతే సిమ్‌లో ఉన్నా లోపల మరిగిపోతుంది.

ఎందుకింత సేపు పడుతుంది అంటే, ఆ కీలు చుట్టూ ఉన్న తోలు, నరాలు, కండని ఎముకకి అతికించే పట్టీలు అన్నీ కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో అయినవి. వేడి తగిలిన మొదట్లో ఆ కొల్లాజెన్ ముడుచుకుని కండని పిండేస్తుంది, అందుకే గంటన్నర అయ్యాక పొడిచి చూస్తే రబ్బరులా ఉంటుంది, చాలామంది అక్కడే ఇది పనికిరాని ముక్క అనుకుని విసిగిపోతారు. కానీ 70 డిగ్రీలు దాటిన వేడిలో గంటలు గంటలు ఉంచితే అదే కొల్లాజెన్ మెల్లగా కరిగి జెలటిన్ అవుతుంది, నీళ్లలోకి దిగి వాటికి పెదాలకి అంటుకునేంత చిక్కదనం ఇస్తుంది, కండ పీచుల మధ్య నిలబడి వాటిని మెత్తగా కూడా ఉంచుతుంది. అంటే గట్టిగా ఉంది కదా అని దించేయకూడదు, గట్టిగా ఉంటే ఇంకా ఉడకాలి అని అర్థం.

మామూలుగా రెండున్నర నుంచి మూడున్నర గంటలు. గడియారం కన్నా ముక్కనే నమ్మండి. ఫోర్క్ గుచ్చి తిప్పితే మాంసం దానంతట అది విడిపోవాలి, ఎముక చివర పట్టుకుని మెలితిప్పితే చేతిలోకి ఊడి రావాలి, తోలు వేలితో నొక్కితే తెగిపోవాలి. ఈ మూడింట్లో రెండైనా జరగకపోతే ఇంకో అరగంట. మధ్యలో నీళ్లు తగ్గి ముక్క పైకి తేలితే వేడి నీళ్లు పోయండి, చల్లవి పోస్తే ఉడుకు ఆగిపోయి మళ్లీ అందుకోవడానికి టైమ్ పడుతుంది.

ఒక అనుమానం తీర్చేస్తాను, మూడు గంటలు ఉడికాక కూడా క్యూర్ చేసిన హాక్ లోపల గులాబీ రంగులోనే ఉంటుంది. పచ్చిగా ఉందేమో అని భయపడకండి, క్యూరింగ్‌లో వాడే నైట్రైట్ అనే లవణం కండకి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్‌తో కలిసి వండినా పోని గులాబీ రంగు ఇస్తుంది. పచ్చి హాక్ అయితే బూడిద గోధుమ రంగుకి తిరుగుతుంది. పచ్చి పంది మాంసపు ముక్కలకి అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే కనీస వేడి లోపల 63 డిగ్రీలు, ఆ తర్వాత 3 నిమిషాలు అలా వదిలేయడం, కానీ ఆ వేడికి హాక్ నమలడానికి రాదు, అది అంతకన్నా ఎక్కువ వేడిలో గంటలకొద్దీ ఉడికాకే మెత్తబడుతుంది కాబట్టి మన పద్ధతిలో వండితే ఆ గీత ఎప్పుడో దాటేస్తాం.

ప్రెషర్ కుక్కర్‌లో, స్లో కుక్కర్‌లో

కుక్కర్‌లో చేయొచ్చు, నేనూ చేస్తాను, స్టాక్ కాస్త మబ్బుగా వస్తుంది అంతే. ముందు మూత పెట్టకుండా మరిగించి తెట్టు తీసేయండి, ఇది మాత్రం వదలొద్దు. నీళ్లు, ముక్కలు కలిపి కుక్కర్‌లో మూడింట రెండు వంతులు దాటకూడదు, బీన్స్ కూడా వేస్తే సగం దాటకూడదు, అవి నురగ పొంగి వాల్వ్‌కి అడ్డుపడతాయి. ప్రెషర్ వచ్చాక సిమ్‌లో పెట్టి, కోసిన ముక్కలైతే 45 నిమిషాలు, నిండు హాక్ అయితే గంట. ఒక్కో కుక్కర్ ఒక్కోలా విజిల్ వేస్తుంది కాబట్టి విజిల్స్ లెక్క పెట్టుకోకుండా టైమ్ చూసుకోండి. ఆపేశాక ప్రెషర్ దానంతట అదే దిగనివ్వండి, చెంచాతో ఎత్తి ఆవిరి వదిలేస్తే లోపల నీళ్లు ఒక్కసారిగా మరిగి అంత జాగ్రత్తగా తీసుకొచ్చిన మెత్తదనం కాస్తా పోతుంది.

స్లో కుక్కర్ ఉన్నవాళ్లకి ఇంకా హాయి, లో మీద 8 గంటలు, హై మీద 5 గంటలు. కానీ ఎర్ర రాజ్మా వేయాలనుకుంటే ఒక జాగ్రత్త ఉంది, వాటిలో కడుపులో వికారం, వాంతులు తెప్పించే ఒక విష పదార్థం ఉంటుంది, స్లో కుక్కర్ వేడికి అది పోదు. రాత్రి నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, వేరే నీళ్లలో స్టవ్ మీద కనీసం 10 నిమిషాలు, వీలైతే 30 నిమిషాలు పెద్ద మంట మీద మరిగించి ఆ తర్వాతే వేయండి.

ముక్కలు విడదీయడం

ఉడికిన హాక్స్‌ని ఒక ట్రేలోకి తీసి ముట్టుకోగలిగేంత వేడికి రానివ్వండి. పూర్తిగా చల్లబడితే జెలటిన్ గట్టిపడి అన్నీ అతుక్కుపోతాయి, గోరువెచ్చగా ఉన్నప్పుడే పని అయిపోవాలి. ముందు తోలు ఒక షీట్‌లా తీసి పక్కన పెట్టండి, దాని కింద తెల్ల కొవ్వు ఇంకో పక్కకి, తర్వాత మాంసం చిన్న చిన్న ముక్కలుగా వేళ్లతోనే విడదీయండి. కత్తి వద్దు, వేళ్లే వాడండి, ఎందుకంటే ఈ కీలు దగ్గర బటాణీ గింజంత ఎముకలు దాక్కుని ఉంటాయి, రంపంతో కోయిస్తే ఎముక పొట్టు కూడా ఉంటుంది, అవి చేతికే తెలుస్తాయి, కంటికి కనపడవు. పిల్లలకి, పెద్దవాళ్లకి పెట్టే ఇంట్లో ఈ పని ఇద్దరు చేసినా తప్పులేదు, ఒకరు విడదీస్తే ఇంకొకరు మళ్లీ ఒకసారి వేళ్లతో వెతకడం.

మెత్తగా జెల్లీలా అయిన నరాల ముక్కలు పారేయకండి, సన్నగా తరిగి మాంసంలో కలిపేయండి, సూప్‌లో అవి తగిలినప్పుడు చాలా బాగుంటాయి. తోలు సంగతి మీ ఇష్టం, సన్నగా తరిగి గిన్నెలో వేసేస్తే కరిగిపోయి చిక్కదనం ఇస్తుంది, లేదా తడి బాగా తుడిచేసి పెనం మీద బరువు పెట్టి వేయిస్తే కరకరలాడే ముక్కలు వస్తాయి, నూనె చిటపటమని ఎగురుతుంది కాబట్టి మూత దగ్గర పెట్టుకోండి.

ఉడికిన ఎముకల్ని కుక్కకి మాత్రం వేయకండి. వండిన ఎముక నమిలితే పెచ్చులుగా విరిగి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటుంది, పైగా ఈ ఉప్పు వాటికి మంచిది కాదు.

ఆ నీళ్లు

స్టాక్‌ని జల్లెడలో వడకట్టండి, ఉల్లిపాయలూ ఆకులూ పారేయండి, వాటి పని అయిపోయింది. తొందర లేకపోతే ఆ రోజు వాడకండి. వెడల్పు గిన్నెల్లో పోసి, సింక్‌లో చల్లని నీళ్లలో ఆ గిన్నెలు పెట్టి త్వరగా చల్లార్చి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి. లోతు గిన్నెలో అలాగే వదిలేస్తే మధ్యలో వేడి గంటలకొద్దీ దిగదు, క్రిములు పెరిగేది ఆ వేడిలోనే. తెల్లారేసరికి పైన కొవ్వు తెల్లగా పలకలా పేరుకుంటుంది, కింద స్టాక్ జెల్లీలా గడ్డకడుతుంది, గిన్నె కదిపితే అలా వణకాలి. వణికితే మీరు సరిగ్గా చేశారు. గడ్డకట్టకపోతే నీళ్లు ఎక్కువ పోశారో, తక్కువ సేపు ఉడికించారో రెండింట్లో ఒకటి.

పైన కొవ్వు చెంచాతో ఎత్తేయండి, కానీ పారేయకండి, చిన్న సీసాలో పెట్టుకుంటే ఉల్లిపాయలు వేయించడానికి, బంగాళదుంపలు కాల్చడానికి అంతకన్నా మంచిది దొరకదు. స్టాక్‌ని ఇంకా చిక్కబరుద్దామని మరిగించి సగం చేసే అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడ ఆగండి, నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు అక్కడే ఉంటుంది, సగానికి మరిగిస్తే రెండింతలు ఉప్పగా అవుతుంది. బీపీ ఉన్నవాళ్లు, కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే క్యూర్ చేసిన హాక్ బదులు పచ్చి హాక్‌తో చేయడమే సరైన పని, ఎంత నానబెట్టినా క్యూర్ చేసినదాంట్లో ఉప్పు మిగిలే ఉంటుంది.

దేంట్లో వాడాలి

నన్నడిగితే మొదటిసారి వండేవాళ్లు ఎండు బఠాణీ పప్పు సూప్‌తో మొదలుపెట్టాలి, తప్పు జరిగే అవకాశం తక్కువ. 450 గ్రాముల పప్పు కడిగి, ఒక ఉల్లిపాయ, రెండు క్యారెట్లు సన్నగా తరిగి ఆ తీసిపెట్టిన కొవ్వులో వేయించి, రెండు లీటర్ల స్టాక్ పోసి, సన్న సెగ మీద గంట, గంటంపావు. నానబెట్టక్కర్లేదు. పప్పు దానంతట అదే చితికిపోయి చిక్కగా అవుతుంది, అడుగు అంటుకునే గుణం ఎక్కువ కాబట్టి ఆఖరి పావుగంట కలుపుతూ ఉండండి. దించే ముందు మాంసం వేసి, రుచి చూసి, ఉప్పు అవసరమైతే అప్పుడు, బోలెడు మిరియాల పొడి, ఒక చెంచా నిమ్మరసం. ఆ పులుపు మానకండి, హాక్ స్టాక్‌లో ఉప్పూ కొవ్వూ పొగా అన్నీ బరువైనవే, కాస్త పులుపు తగిలితేనే నాలుక లేస్తుంది.

తెల్ల బీన్స్ అయితే రాత్రి నానబెట్టి ఈ స్టాక్‌లోనే గంట నుంచి గంటన్నర ఉడికించండి. టమాటా వేయాలంటే బీన్స్ మెత్తబడ్డాకే వేయండి, పులుపు ముందే తగిలితే గింజ తొక్క గట్టిపడిపోయి ఉడకడానికి చాలా ఎక్కువ సేపు పడుతుంది. బాగా పాతబడిన బీన్స్ కూడా అంతే, తప్పు మీ వంటది కాదు, గింజలది. ముదురు ఆకుకూరలు, క్యాబేజీ అయితే కాడలు తీసి తరిగి కొంచెం స్టాక్ పోసి అరగంట నుంచి ముప్పావు గంట, చివర్లో వెనిగర్ చుక్క. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కాలర్డ్ అనే ముదురు ఆకుని హాక్‌తో ఇలాగే వండుతారు, ఆకు ఉడికిన ఆ నీళ్లని కూడా వదలకుండా జొన్నరొట్టె లాంటి మొక్కజొన్న బ్రెడ్‌తో అద్దుకుని తింటారు.

కాల్చుకోవాలంటే

దీనికి పచ్చి హాక్ కొనండి, క్యూర్ చేసినదాని తోలు పొంగదు, చెక్కలా గట్టిపడుతుంది. ముందు పైన చెప్పినట్టే ఉడికించాలి కానీ ఊడిపోయేదాకా కాదు, గంటన్నర నుంచి రెండు గంటలు, కత్తి మొన తేలిగ్గా దిగాలి, ఆకారం చెడకూడదు. తర్వాత పేపర్ టవల్‌తో బాగా తుడిచి, తోలు మీద పదునైన కత్తితో గాట్లు పెట్టి (కండలోకి దిగకుండా, తోలూ కొవ్వు వరకే), ఉప్పు రుద్ది, మూత లేకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. తోలు ఎండడం ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం, తడి ఉంటే ఓవెన్ వేడంతా ఆ తడిని ఆవిరి చేయడానికే సరిపోతుంది, పొంగే పని మొదలవ్వదు. మర్నాడు 220 డిగ్రీల ఓవెన్‌లో అరగంట నుంచి నలభై నిమిషాలు, తోలు బుడగలు బుడగలుగా లేచి తడితే టకటకమని మోగాలి. ఆఖరి పది నిమిషాలు దగ్గరే ఉండండి, బంగారు రంగు నుంచి నలుపుకి పోవడానికి రెండు నిమిషాలు చాలు.

దాచుకోవడం

పచ్చి హాక్ ఫ్రిజ్‌లో 3 నుంచి 5 రోజులు, పొగ పెట్టినది ప్యాకెట్ మీద డేట్ వరకు, విప్పాక అయితే వారం లోపు. ఫ్రీజర్‌లో పచ్చిది నాలుగైదు నెలలు బాగానే ఉంటుంది, క్యూర్ చేసినది మాత్రం రెండు మూడు నెలల్లో వాడేయండి, ఉప్పు ఉన్న కొవ్వు ఫ్రీజర్‌లో కూడా త్వరగా ముక్కవాసన పడుతుంది. గడ్డకట్టినది కరిగించేది ఫ్రిజ్‌లోనే, ఒక రోజు ముందు తీసి కింద అరలో పెట్టుకోండి. వండిన మాంసం, స్టాక్ ఫ్రిజ్‌లో 3, 4 రోజులు, తిరిగి వేడి చేసేటప్పుడు గోరువెచ్చగా కాదు, పొగలు కక్కేలా, 74 డిగ్రీలు దాటాలి.

స్టాక్ ఫ్రీజ్ చేయాలంటే అరలీటరు డబ్బాల్లో పోసి పైన రెండు వేళ్లు ఖాళీ వదలండి, గడ్డకడితే ఉబ్బుతుంది, నిండా పోస్తే డబ్బా పగిలిపోతుంది. ప్రతి డబ్బా మీద డేట్ రాసి, పక్కనే ఇందులో ఉప్పు ఉంది అని కూడా రాయండి, రెండు నెలల తర్వాత ఇంట్లో ఇంకెవరైనా తీసి మామూలు స్టాక్ అనుకుని వండినా వాళ్ల బీన్స్ దక్కుతాయి.